ఆరు పనులు, ఒకటే బల్ల

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ ముందేసుకుని చదివితే అన్నిటిలోనూ ఒకటే గోల. మొదలుపెట్టినవి బోలెడు, అయినవి లేవు. ఇంట్లో చెక్కపని చేసుకునేవాళ్ళకి ఇది జలుబులాంటిది, ఎప్పుడో ఒకప్పుడు అందరికీ పట్టుకుంటుంది. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి దీని మీదే కూర్చున్నాను. ఉలి సానపట్టడం గురించి అడిగిన పుత్తూరు పెద్దాయన ఇంకో నెల ఓపిక పట్టాలి.

*

ప్రశ్న: సార్, మాది తిరుపతి బైరాగిపట్టెడ. మేడ మీద పది అడుగులకి పన్నెండు అడుగుల రేకుల షెడ్డు వేసుకుని 2020 లాక్‌డౌన్‌లో చెక్కపని మొదలుపెట్టాను. ఆఫీసు ఉద్యోగం, వారానికి ఆరు గంటలు దొరికితే గొప్ప. ఇప్పుడు షెడ్డులో ఆరు పనులు సగంలో ఉన్నాయి. అమ్మకి పూజా మందిరం, పిల్లాడు చదువుకోవడానికి టేబులు, చెప్పుల స్టాండు, ఊళ్ళో ఇంటికి ఒక తలుపు, ఒక వాలుకుర్చీ, ఇవి చాలవన్నట్టు మా చెల్లెలికి నెలలు నిండుతున్నాయని ఊయల. ఈ ఆదివారం ఒకటి, వచ్చే ఆదివారం ఇంకోటి, అలా తిప్పి తిప్పి చేస్తున్నాను. ఏదీ తెమలడం లేదు. ఇన్ని పనులు ఒకేసారి నడిపే పద్ధతి ఉందా, లేక ఒకటి అయ్యేదాకా ఇంకోటి ముట్టుకోకూడదా? మా ఆవిడ షెడ్డుని పాత సామాన్ల కొట్టు అంటోంది.

జవాబు: మీ ఆవిడ మాట కాసేపు పక్కన పెట్టి ముందు ఒక లెక్క వేద్దాం. ఒక్కో పనికి 30 గంటలు అనుకోండి. మందిరానికి ఇంకా ఎక్కువే పడుతుంది, చెప్పుల స్టాండుకి అంత అక్కర్లేదు, సరాసరిన అనుకుందాం. ఆరిటికి 180 గంటలు, వారానికి 6 గంటల చొప్పున 30 వారాలు. మీరు చేస్తున్నట్టు వంతులు తిప్పుకుంటూ పోతే మొదటిది అయ్యేది 25వ వారంలో. దాని వెనకే 26లో ఒకటి, 27లో ఒకటి, అలా 30లో ఆఖరిది. అంటే దాదాపు ఆర్నెల్లపాటు మేడ మీద నుంచి ఒక్క వస్తువు కూడా కిందికి దిగదు. అదే ఒకదాన్ని పట్టుకుని తేల్చి ఇంకోదానికి వెళ్తే మొదటిది 5వ వారంలోనే ఇంట్లోకి వస్తుంది, రెండోది 10కి, ఆఖరిది మామూలే, 30కి. కష్టం అంతే, గంటలు అన్నే, ఒక్క గంట కూడా మిగల్లేదు. కానీ ఒక్కో వస్తువు కోసం ఎదురుచూసేది సరాసరిన 27న్నర వారాల నుంచి 17న్నరకి దిగింది. మీ ఆవిడ కొట్టు అనడం మానేది ఆ 5వ వారంలోనే.

ఇది కూడా కాగితం మీది లెక్క. అసలు సంగతి ఇంకా ఘోరం. ఆరు వారాల తర్వాత మళ్ళీ అదే వస్తువు ముందు నిలబడితే ఎక్కడ ఆపామో గుర్తుకు తెచ్చుకోవడానికే అరగంట పోతుంది, ఈ గీత దేనికి గీశాను, ఈ చెక్క ఎడమ వైపుదా కుడి వైపుదా అని. ఆ అరగంటలు ఈ లెక్కలో లేవు.

అయితే ఒకటి అయ్యేదాకా రెండోది ముట్టుకోకూడదు అనే కఠిన నియమం కూడా నాకు నచ్చదు. చెక్కపనిలో సగం టైము మన చేతిలో ఉండదు, ఆరడానికి పోతుంది. ఫెవికాల్ పెట్టి క్లాంపు బిగించాక ఆ రాత్రి దాన్ని కదపకూడదు, పూర్తి బలం రావడానికి ఒక రోజు వదిలేయాలి. వార్నిష్ ఒక పూత వేస్తే రెండో పూతకి గంటల తరబడి ఆగాలి. పచ్చి చెక్క తెచ్చుకుంటే ఇంక చెప్పేదేముంది, అంగుళం మందానికి ఏడాది అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. అంతసేపూ చేతులు కట్టుకుని కూర్చోలేం కదా, పక్కన ఇంకోటి ఉండాల్సిందే.

అందుకని పనులు ఎన్ని ఉన్నాయి అన్నది నన్ను అడిగితే అసలు ప్రశ్నే కాదు. షెడ్డులోకి వెళ్ళి ఒక్కోదాని ముందు నిలబడి, నువ్వెందుకు ఆగావు అని అడగండి. ఆరడానికి ఆగిందా, సామాను రాక ఆగిందా, లేక మీకు ఏం చేయాలో తోచక ఆగిందా? మీరు రాయలేదు గానీ నేను పందెం కడతాను. మందిరం ఆగింది పైన గోపురం చెక్కడం మీకు రాక. తలుపు ఆగింది ఊరెళ్ళి ద్వారబంధం ఇంకోసారి కొలవాల్సి ఉండి. వాలుకుర్చీ ఆగింది ఏదో ఒక కుసి, అంటే ఇంకో చెక్క బెజ్జంలోకి దూర్చే కొస, వదులైపోయి, దాన్ని చూడటానికే మనసు రాక. టేబులు ఆగింది సొరుగు పెట్టాలా వద్దా తేలక. చెప్పుల స్టాండు మటుకు ఏ కారణం లేకుండా ఆగింది, చెప్పుల స్టాండ్లు ఎప్పుడూ అంతే.

ఆరడానికి ఆగినవి ఎన్ని ఉన్నా టెన్షన్ లేదు, అవి వాటంతట అవే ముందుకి పోతున్నాయి. తోచక ఆగినవే మనిషిని తినేస్తాయి, ఎందుకంటే వాటిని చూసినప్పుడల్లా కొంచెం సిగ్గేస్తుంది, ఆ సిగ్గు తప్పించుకోవడానికే కొత్తది మొదలుపెడతాం. మీ ఊయల అలా మొదలైందని అనను, దానికి పాప కారణం ఉంది. కానీ వాలుకుర్చీ తర్వాత చెప్పుల స్టాండు ఎందుకు మొదలైందో మీకే తెలియాలి.

తోచక ఆగినవాటికి మందు రంపం కాదు, కాగితం, లేదా బస్సు టికెట్టు. గోపురం చెక్కడం రాదా, నేర్చుకునేదాకా మందిరాన్ని ఎండబెట్టకండి. రేణిగుంట నుంచి శ్రీకాళహస్తి వెళ్ళే దారిలో ఏర్పేడు మండలంలో మాధవమాల ఉంది, ఊళ్ళో చాలా ఇళ్ళల్లో దేవుడి విగ్రహాలు చెక్కేవాళ్ళే. కొలత రాసుకుని వెళ్ళి ఆ పైభాగం ఒక్కటి వాళ్ళ చేత చేయించుకోండి, కింద పెట్టె మీరు చేసుకోండి. చెక్క మీ దగ్గరున్న దాంట్లోదే ఒక ముక్క తీసుకెళ్తే రంగు కలుస్తుంది. అమ్మకి కావాల్సింది మందిరం గానీ మీ చేతి గోపురం కాదు. తలుపు సంగతి, ఊరికి ఫోన్ చేసి ఎవరిచేతో కొలిపించుకోవద్దు. నేను ఒకసారి అలా కొలిపించుకుని చేసిన తలుపు ఇప్పుడు మా ఇంట్లో టేబులు.

ఇక పద్ధతి అడిగారు. బల్ల మీద ఒకటి, ఆరుతున్నది ఒకటి, అంతే. మిగతా నాలుగూ గోడకి ఆనించి పైన పాత దుప్పటి కప్పేయండి. దుప్పటి దుమ్ము కోసం కాదు, అవి కంటికి కనిపించకుండా ఉండటానికి. బల్ల మీదది ఆరడానికి వెళ్తే, ఆరినది బల్ల మీదికి వస్తుంది. గోడ దగ్గర నుంచి కొత్తది లాగాలంటే ఈ రెండిట్లో ఒకటి మెట్లు దిగి ఇంట్లోకి పోయి ఉండాలి.

వారంలో ఎప్పుడు ఏం చేయాలో కూడా కొంచెం మార్చి చూడండి. మీరు ఆదివారం రంపంతో కోస్తారు, ఆదివారమే అతికిస్తారు, క్లాంపు బిగించగానే పని ఆగిపోయి ఇంకోదాని మీదికి పోతారు, అక్కడ చెడుతోంది. మోత పెట్టే పనులు, అంటే కోత, చిత్రిక, మిషన్ పని, ఆదివారం పగలు ఇరుగుపొరుగు తిట్టుకోని టైములో చేయండి. అతికించడం మటుకు వారం మధ్యలో రాత్రి భోజనం అయ్యాక పావుగంటలో చేసేయొచ్చు. రాత్రి క్లాంపు బిగించి పడుకుంటే పొద్దున ఆఫీసుకి పోయే ముందు విప్పేయొచ్చు. అలా వారానికి మూడు రాత్రులు చేస్తే, మీరు నిద్రపోయే టైములో మూడు జాయింట్లు అతుక్కుంటాయి. గీతలు గీయడం, ఉప్పుకాగితం చేత్తో రుద్దడం కూడా రాత్రి పనులే.

క్లాంపులు చాలడం లేదు అంటారు, తెలుసు, ఎవరికీ చాలవు. ఉన్న నాలుగూ ఒకదానికే బిగిస్తే రెండోదాని జోలికి పోలేం. పాత సైకిల్ ట్యూబుని అంగుళం వెడల్పు పట్టీలుగా కోసి గట్టిగా లాగి చుట్టండి, కుర్చీ కాళ్ళకి దానికి మించింది లేదు. పెద్ద చట్రాలకి తాడు చుట్టూ కట్టి మధ్యలో కర్ర పెట్టి మెలితిప్పితే చాలు. పలకలు ఒకదాని మీద ఒకటి అతికించేటప్పుడు బరువు కావాలి, దానికి వాడకుండా మూలన పడేసిన రుబ్బురోలు పొత్రం మా ఇంట్లో పదేళ్ళుగా పనిచేస్తోంది. కింద గుడ్డ వేయండి, లేకపోతే రాయి మచ్చ పడుతుంది.

ఇప్పుడు నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. కరకంబాడి రోడ్డులో అద్దె ఇంట్లో ఉన్నప్పుడు నేనూ మీలాగే మందిరం, రెండు స్టూళ్ళు ఒకేసారి పెట్టుకున్నాను. మంచి టేకు, నాలుగు స్తంభాలు చిత్రిక పట్టి గోడకి నిలబెట్టాను. పక్కనే స్టూలు కాళ్ళ కోసం తెచ్చిన టేకు ముక్కలు. కరెంటు పోయి వచ్చిన ఒక సాయంత్రం, మందిరం స్తంభం ఒకటి తీసి స్టూలు కొలతకి పదహారు అంగుళాలకి కోసేశాను. కోసిన తర్వాత గానీ తెలియలేదు, మిగిలిన ముక్క మీద నేనే పెన్సిల్‌తో 'స్వామి' అని రాసుకున్నాను. అప్పటి నుంచి రెండు అలవాట్లు. ఒకటి, ప్రతి ముక్క మీదా సుద్దముక్కతో ఏ వస్తువుదో రాయడం, ముక్కలన్నీ పక్కపక్కన పెట్టి వాటి మీదుగా ఒక పెద్ద త్రికోణం గీయడం. త్రికోణం మళ్ళీ కలిస్తే ముక్కలు సరైన చోట ఉన్నట్టే, ఎడమ కుడి పైన కింద అన్నీ తెలుస్తాయి. రెండు, టమాటా క్రేట్లు. మన వైపు ప్లాస్టిక్ క్రేట్లకి కరువు లేదు కదా, పాతవి ఆరు పట్టుకురండి. ఒక్కో పనికి ఒక క్రేటు. దాని బందులు, స్క్రూలు, గడియలు, చిన్న ముక్కలు, కొలత కాగితం అన్నీ అందులోనే. దేని స్క్రూలైనా దాని క్రేటు దాటకూడదు.

ఇంకో చిన్న అలవాటు, షెడ్డు తలుపు వేసే ముందు ఆ రోజు ఆపిన చోట ఒక కాగితం అంటించి, తర్వాత చేయాల్సింది ఏమిటో ఒక్క ముక్క రాయండి. 'ఎడమ పక్క కుసి ఇంకా అర నూలు (నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు) తగ్గించాలి.' అది చాలు, ఆ పోయే అరగంట మిగులుతుంది.

ఇక వాన సంగతి. మన దగ్గర రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి, చెక్క పగలడం ఒక లెక్కా. అదే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తడికి ఉబ్బుతుంది. పొడుగు వైపు చెక్క దాదాపు కదలదు, అడ్డం వైపే కదులుతుంది. అడుగు వెడల్పు పలకలో ఎండకీ వానకీ మధ్య మిల్లీమీటరో రెండో తేడా రావడం మామూలే. మే నెలలో కుసి చెక్కి నవంబరులో బెజ్జం తొలిస్తే రెండూ వేర్వేరు రుతువుల్లో పుట్టినట్టు, ఎలా కలుస్తాయి? 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో వరద పారిన రోజుల్లో, వేసవిలో నున్నగా జారిన నా సొరుగు ఒకటి బిగిసిపోయి జనవరి దాకా రాలేదు, లోపల కరెంటు బిల్లులు. కాబట్టి అన్ని పనుల ముక్కలూ ఒకేసారి కోసి పెట్టుకుందాం, మిషన్ ఒకసారి సెట్ చేస్తే అయిపోతుంది కదా అనే ఆశ వద్దు. పొడుగు కోతలు కావాలంటే కలిపి కోసుకోండి, అర అంగుళం ఎక్కువే ఉంచుకుని. జాయింటు కోతలు మాత్రం అతికించే వారంలోనే.

వరస నన్నే చెప్పమంటే, ఊయల ముందు. మిగతావాటికి తేదీ లేదు, దానికి ఉంది. పదకొండో రోజో ఇరవై ఒకటో రోజో బారసాల, వాయిదా వేయమని పాపని అడగలేం. పాలిష్ వాసన పూర్తిగా పోవడానికి వారాలు పడుతుంది కాబట్టి ప్రసవం తేదీకి నెల ముందే పూత అయిపోవాలి. పిల్లలు అంచులు కొరుకుతారు, లక్క పాలిష్ అయితే మంచిది, స్పిరిట్ ఎగిరిపోయాక మిగిలేది లక్కే, మిఠాయిలకి మెరుపు పూతగా కూడా అదే వాడతారు. పక్క బద్దల మధ్య సందు 60 మిల్లీమీటర్లు దాటనివ్వకండి, అంతకి మించితే పిల్ల ఒళ్ళు జారి తల ఇరుక్కునే ప్రమాదం. ఊయలకి పూతలు ఆరుతుండగా బల్ల మీద చెప్పుల స్టాండు తేల్చేయండి, రెండు ఆదివారాల పని. ఆ తర్వాత మందిరం. వాలుకుర్చీ గురించి ఇప్పుడే ఆలోచించొద్దు, మోకాళ్ళు నొప్పి పుట్టే వయసు మీకింకా రాలేదు.

*

ప్రశ్న: అన్నా, నేను చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఉంటా. సరదాగా మొదలుపెట్టిన పని, ఇప్పుడు వీధిలోవాళ్ళు అడుగుతా ఉంటే చిన్న చిన్న ఆర్డర్లు తీసుకుంటున్నా. ముగ్గురి దగ్గర అడ్వాన్సు తీసుకున్నా, ముగ్గురికీ సంక్రాంతికి ఇస్తానని చెప్పేసినా. ఎవరిది ముందు చేయాల? ఒకాయన రోజూ వచ్చి గేటు దగ్గర నిలబడతాడు.

జవాబు: తమ్ముడూ, గేటు దగ్గర నిలబడే ఆయనది ముందు చేస్తే రేపటి నుంచి మిగతా ఇద్దరూ గేటు దగ్గరే నిలబడతారు. అలా చేయొద్దు.

ముగ్గురికీ ఒకటే తేదీ చెప్పడం దగ్గరే తప్పు జరిగింది. ఆచారి రేపంటే రేపు కాదు అని జనం మన మీద ఎన్నేళ్ళుగా నవ్వుకుంటున్నారో, ఆ పేరు మనలాంటి ఆదివారం ఆచారులు కూడా మోయక్కర్లేదు. ఈ రాత్రే ఒక నోటుబుక్కు తీసి ముగ్గురి పనులకీ నిజంగా ఎన్ని గంటలు పడతాయో రాయి. రాసినదానికి సగం కలుపు. నా అనుభవంలో పెయింటు, పాలిష్, ఇంటికి చేర్చి బిగించడం అనే మూడిటినీ ఎవరూ లెక్కలో పెట్టుకోరు, సగం అక్కడే పోతుంది. అప్పుడు సంక్రాంతికి ఎన్ని గంటలు మిగిలాయో చూడు. ఒకటికే సరిపోతే మిగతా ఇద్దరికీ రేపే వెళ్ళి చెప్పు, భోగి రోజు కాదు. ముందుగా చెప్తే కోపం ఒక రోజు ఉంటుంది, పండగ పూట చెప్తే పదేళ్ళు గుర్తుంచుకుంటారు. ముందు ఎవరిది అంటే, ముందు అడ్వాన్సు ఇచ్చినవాళ్ళది. పెళ్ళో గృహప్రవేశమో ఉన్నవాళ్ళది తప్ప.

అడ్వాన్సు డబ్బుల సంగతి. మొదటివాళ్ళ అడ్వాన్సుతో రెండోవాళ్ళ ప్లైవుడ్డు కొన్నావా? నిజం చెప్పు. చాలామంది అక్కడే మునుగుతారు, పని ఆలస్యమై కాదు, డబ్బు తిరగబడి. ఎవరి అడ్వాన్సుతో వాళ్ళ చెక్క ఆ వారంలోనే కొని, వాళ్ళ పేరు రాసి పక్కన పెట్టు. టింబర్ డిపో బిల్లు వాళ్ళ చేతికే ఇచ్చేయి. అడ్వాన్సు చెక్క ఖరీదుకి మించి తీసుకోవద్దు, కూలీ వస్తువు ఇచ్చినప్పుడే. నీకు కూడా తేల్చాలనే ఆత్రం ఉంటుంది.

చిన్న ఆర్డర్లు మూడూ ప్లైవుడ్డువే అయితే నీకు ఒక సులువు ఉంది. 8 అడుగులకి 4 అడుగుల షీటు, ముగ్గురి కొలతలూ ఒకే కాగితం మీద గీసి చూసుకుంటే మూడు షీట్ల పని రెండిట్లో అవ్వొచ్చు, ప్లైవుడ్డు వానకి ఘనచెక్కలా ఉబ్బి కుంచించుకోదు కాబట్టి అందరివీ ఒకేరోజు కోసి పెట్టుకున్నా భయం లేదు. పైన బైరాగిపట్టెడ ఆయనకి వద్దన్నది నీకు చెప్తున్నానని అనుకోవద్దు, ఆయనది టేకు. వంటింటి సింకు కిందకి పెట్టేది ఏమన్నా ఉంటే మాత్రం షీటు మీద నీటికి తట్టుకునే రకమని చెప్పే ఐఎస్ 710 ముద్ర ఉందో లేదో చూసుకో, మామూలు ఐఎస్ 303 రకం అక్కడ తడికి ఎక్కువ కాలం ఆగదు. అప్పుడు షీటు మిగిలింది కదా అని ఆ ముక్కలు ఇక్కడ వాడొద్దు.

*

ప్రశ్న: నమస్తే అండీ. తిరుచానూరు రోడ్డు దగ్గర అపార్టుమెంటులో ఉంటాం. బాల్కనీలోనే పిల్లల బొమ్మలు, చిన్న అరలు చేస్తుంటాను. ఒకదానికి పాలిష్ వేసి ఆరబెడితే ఇంకోదాని పొట్టు వచ్చి దాని మీద అంటుకుంటుంది. రెండు పనులు ఒకేచోట చేయడం కుదరదా? బట్టలు కూడా అక్కడే ఆరేస్తాం, అత్తయ్య కోప్పడుతున్నారు.

జవాబు: అత్తయ్యగారిది న్యాయమే అమ్మా. పొట్టు, పాలిష్ ఒక గదిలో ఒకరోజు ఇమడవు. స్థలంతో వేరు చేయలేకపోతే రోజుతో వేరు చేయాలి. రెండు మూడు వస్తువులు ఉప్పుకాగితం దశకి వచ్చేదాకా ఆగి, అన్నీ ఒకేరోజు రుద్దేయండి. ఆ సాయంత్రం తడిగుడ్డతో బాల్కనీ తుడిచి వదిలేయండి. రాత్రంతా గాలిలో ఉన్న సన్నటి పొట్టు కిందికి దిగుతుంది. తెల్లారుజామున, కళ్ళాపి చల్లినట్టు నేల మీద కాసిని నీళ్ళు చిలకరించి, అప్పుడు అన్నిటికీ కలిపి పాలిష్ పూత వేయండి. లక్క పాలిష్ అయితే తొందరగా ఆరుతుంది, పొట్టు అంటుకునే టైమే ఇవ్వదు. నూనె రకాలైతే రోజంతా జిగటగా ఉంటాయి, బాల్కనీకి పనికిరావు. వాన రోజుల్లో లక్క వేస్తే తెల్లగా మబ్బు పడుతుంది, ఆ రోజు వేయొద్దు. ఇలా అన్నీ కలిపి చేస్తే రెండు పనులు నడుస్తాయి, కానీ రెండూ ఒకే దశలో నడవాలి, అంతే తేడా.

రెండు జాగ్రత్తలు, ఇవి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. చెక్క పొట్టుని క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఎప్పుడో 1995లోనే మొదటి వర్గంలో చేర్చింది. చున్నీ కట్టుకుంటే చాలదు, ఎన్95 లాంటి మాస్కు పెట్టుకోండి, రుద్దేటప్పుడు పిల్లలు దగ్గర ఉండకూడదు. రెండోది, అవిసె నూనె పాలిష్ ఎప్పుడైనా వాడితే ఆ నూనె గుడ్డల్ని ఉండచుట్టి డబ్బాలో పడేయొద్దు. అవి ఆరేటప్పుడు వాటంతట అవే వేడెక్కి, ఎవరూ అగ్గిపుల్ల గీయకపోయినా అంటుకోగలవు. విప్పి ఒక్కోటి తీగ మీద ఆరేయండి, లేదా నీళ్ళలో ముంచి పెట్టండి. అత్తయ్యగారి బట్టల తీగ మీద కాదు.

*

ప్రశ్న: మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. తోటలో పెద్ద మామిడి చెట్టు పడిపోతే సామిల్లులో పలకలు కోయించి షెడ్డులో పెట్టాను. రెండు నెలలకి సన్న బెజ్జాల్లోంచి పిండి రాలుతోంది. పక్కనే నేను చేస్తున్న వేపచెక్క బీరువా, టేకు కుర్చీలు ఉన్నాయి. వాటికీ పాకుతుందా?

జవాబు: పుప్పి పట్టింది. ఈరోజే ఆ పలకలు షెడ్డు బయటికి తీయండి, మిగతా ఉత్తరం తర్వాత చదవొచ్చు.

తీశారా? ఈ పురుగుకి కావాల్సింది చెక్కలోని పిండిపదార్థం. మామిడిలో అది దండిగా ఉంటుంది. టేకు చేవకి పెద్ద భయం లేదు, కానీ టేకులోనూ అంచున తెల్లటి భాగం, చేవ కానిది ఉంటుంది, అక్కడ చూసుకోండి. వేపకి చేదు ఉంది కదా అని ధీమా వద్దు, దాని తెల్లభాగం కూడా తనిఖీ చేయండి. బీరువాలో ప్లైవుడ్డు వాడి ఉంటే దాని అంచులు కూడా చూడండి.

మామిడి పలకల్లో బాగా తిన్నవి పొయ్యిలోకి. మిగతావాటికి బోరాక్స్, బోరిక్ పొడి వేడినీళ్ళలో కలిపి రెండు మూడుసార్లు అన్ని వైపులా బాగా పట్టించి ఆరనివ్వండి. కోసిన వారంలోనే చేసి ఉంటే పచ్చిచెక్క ఆ మందుని బాగా లోపలికి లాక్కునేది, ఇప్పుడు పైపైనే పడుతుంది. తర్వాత నీడలో, నేలకి అడుగు ఎత్తున, పలకకీ పలకకీ మధ్య అంగుళం బద్దలు పెట్టి పేర్చండి, బద్దలన్నీ ఒకదాని మీద ఒకటి నిలువుగా ఒకే వరసలో రావాలి, లేకపోతే పలకలు నాలుకలా మెలితిరుగుతాయి. చివరలకి పాత పెయింటు పూసేయండి, చీలికలు తగ్గుతాయి. పై పలక మీద రాళ్ళు పెట్టండి.

తోటలో చెట్టు పడితే వదులుకోలేం, నాకు తెలుసు, మామిడి రైతు ఇంట్లో పుట్టినవాణ్ణే. కానీ ఆరుతున్న పచ్చిచెక్కకి చోటు షెడ్డులో కాదు, బయట చూరు కింద. దాన్ని పనిగా లెక్కపెట్టొద్దు. ఒక ఏడాది తర్వాత అది చెక్క అవుతుంది, ఇప్పటికి అది పురుగుల హాస్టలు.

*

ప్రశ్న: మా తాతగారి పాత ఇంట్లో ఎర్రచందనం దుంగ ఒకటి బయటపడింది. మిగతా పనుల మధ్యలో దాంతో బొమ్మలు చెక్కుదామనుకుంటున్నా. ఏ ఉలి వాడాలి?

జవాబు: ఏ ఉలీ వాడొద్దు. శేషాచలం నీడలో ఉంటూ ఈ ప్రశ్న అడుగుతున్నారా? ఆ చెట్టు సహజంగా పెరిగేదే మన తూర్పు కనుమల దక్షిణ కొసలో, అందుకే దాని మీద ఇంత కాపలా. కొట్టడానికే కాదు, దగ్గర పెట్టుకోవడానికి, ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదిలించడానికి కూడా అటవీ శాఖ కాగితం కావాలి. తాతగారిదే కావచ్చు, కాగితం ఉందా అన్నదే ప్రశ్న. దుంగని కదపకుండా ముందు అటవీ శాఖ ఆఫీసుకి వెళ్ళి రాతపూర్వకంగా చెప్పండి. బొమ్మలకి చేయి తిరగాలంటే కొండపల్లి వాళ్ళు తెల్ల పొణికి, ఏటికొప్పాక వాళ్ళు అంకుడు వాడతారు, రెండూ మెత్తటివి, మీ ఉలికీ మీ నిద్రకీ మంచివి.

*

ప్రశ్న: అన్నయ్యా, నేను చెక్కపని చేయను, చేసేవారి భార్యని. ఊరు పేరు వేయొద్దు. మా ఇంట్లో పూర్తికాని సామాను ఏడు. కొత్తగా నిన్న ఇంకో పలక తెచ్చారు. ఎన్ని సగం పనులు ఉంటే మామూలు, ఎన్ని ఉంటే గట్టిగా మాట్లాడాలి? మీ ఇంట్లో ఎన్ని ఉన్నాయి?

జవాబు: అంకె చెప్పడం కష్టం చెల్లెమ్మా, కానీ ఒక పరీక్ష ఉంది. ఏడిట్లో ఒకదాన్ని చూపించి, దీనికి తర్వాత ఏం చేయాలండీ అని మామూలుగా అడుగు. వెంటనే జవాబు చెప్తే ఆ పని బతికే ఉంది. చూపు పక్కకి తిప్పి, అది చాలా పెద్ద కథలే అంటే, అది చచ్చిపోయి చాలాకాలమైంది. అలాంటిదాన్ని విప్పించేయి. బందులు, స్క్రూలు డబ్బాలోకి, మంచి పలకలు వేరే పనికి, మిగతాది వేడినీళ్ళ పొయ్యిలోకి. విప్పడం ఆయన చేతే చేయించు, నువ్వు ముట్టుకోవద్దు, ఆ ఒక్కటీ జన్మంతా గుర్తుంచుకుంటారు. కొత్త పలక మటుకు వాపసు ఇవ్వమనొద్దు, డిపోవాళ్ళు ఎలాగూ తీసుకోరు.

మా ఇంట్లో ఎన్ని అంటే, నా లెక్కన మూడు. మా ఆవిడ ఈ ముక్క చదివి ఐదు అంటోంది. ఆ రెండూ ఏవో అడిగాను, ఒకటి మంచం కింద ఉందట.